ఆరుగురూ అటే: ఒక గళ్ళ నుడికట్టుతో నా అనుభవం

మా మేనమామ దేవరకొండలో తెలుగు పండితుడిగా పనిచేసి పదవీ విరమణ చేశారు. ప్రతి ఉగాదికీ ఆయన ఇంట్లో పచ్చడితో పాటు ఒక గళ్ళ నుడికట్టు (క్రాస్‌వర్డ్ పజిల్) కూడా తయారవుతుంది. గణితం నోటుపుస్తకంలోని చదరాల కాగితం మీద స్కేలు పెట్టి గీతలు కొట్టి, నల్ల గళ్ళను బాల్‌పెన్నుతో దిద్ది, వెనుక పక్క ఆధారాలు రాసి, జిరాక్సులు తీయించి బంధువుల ఇళ్ళన్నింటికీ పంపుతారు. బహుమతి ఏమీ ఉండదు. పూరించి పంపిన కాగితాన్ని ఎర్ర సిరాతో దిద్ది మార్కులు వేస్తారు, అంతే. ఆ మార్కుల కోసం మా ఇంట్లో పెద్దవాళ్ళు కూడా పరీక్ష రాసే పిల్లల్లా కూర్చుంటారు.

ఈసారి కాగితం మీద అడ్డం 11, నిలువు 11 గళ్ళు ఉన్నాయి. పైన ‘ఆరుగురూ అటే’ అన్న శీర్షిక, దాని కింద ‘నక్షత్రం గుర్తున్న ఆరు జవాబులూ ఒకే కోవకు చెందినవి; అవి ఎటు పోతాయో నడిమి జవాబు చెబుతుంది’ అన్న ఒక్క వాక్యం ఉన్నాయి. ఆ ఆరింటికి ఆధారాలు ఉన్నాయి గానీ అవి మనుషులో, ఊర్లో, వస్తువులో ఆయన చెప్పలేదు. పండుగ నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక నల్లగొండలోని మా ఇంటి వరండాలో పెన్సిలూ రబ్బరూ పెట్టుకుని కూర్చున్నాను.

నక్షత్రం లేనివి మొదట పట్టాను. ‘తల తిరిగితే తీగ (2)’ అన్నది చదవగానే ‘లత’ అని రాసేశాను; చివరి అంకె జవాబుకు ఎన్ని గళ్ళో చెబుతుంది. ఇలాంటి ఆధారంలో తల అంటే తలకాయ కాదు, ‘తల’ అన్న మాటే. దాన్ని వెనుక నుంచి చదివితే తీగ వస్తుంది. మామ దగ్గర ఇన్నేళ్ళుగా నేను నేర్చుకున్నది ఇదొక్కటే: ఆధారంలో సగం అర్థం చెబుతుంది, సగం అక్షరాలతో ఏం చేయాలో చెబుతుంది, ఏది ఏ సగమో మాత్రం చెప్పదు.

నక్షత్రాల్లో ముందుగా లొంగింది ‘పాలసీకి ఒత్తు పెడితే పారుతుందా, పోరుతుందా? (2)’. పాలసీ అంటే బీమా. ‘బ’కు ఒత్తు పెడితే ‘భీమా’. ఇక్కడే నేను బోల్తా పడ్డాను. ‘పోరుతుందా’ అన్న మాట చూసి భీముడే అనుకున్నాను. ఆరుగురు అన్నారు, భీముడు వచ్చాడు, ఇంకేముంది, అయిదుగురు పాండవులు, ఆరోవాడు కర్ణుడు, నడుమ కృష్ణుడు అని మనసులోనే మహాభారతమంతా పరిచేసుకున్నాను. ‘పారుతుందా’ అన్న మాట కళ్ళ ముందే ఉన్నా దాన్ని చూడలేదు. తరువాతి గంటన్నర కర్ణుడినీ నకులుడినీ మూడు గళ్ళలో ఇరికించడానికి పోయింది.

తెలుగులో ఈ ఆట ఎందుకు కష్టమో ఒక్క మాట చెప్పాలి. ఆర్థర్ విన్ 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో తొలి పజిల్ అచ్చువేసినప్పుడు గడికి ఒక ఇంగ్లీషు అక్షరం సరిపోయింది. మనకు గడిలో గుణింతమూ, ఒత్తూ, సున్నా కలిసిన అక్షరం మొత్తం పట్టాలి. అడ్డం మాటలో ‘లే’ ఉంటే దాన్ని కోసే నిలువు మాటలోనూ ‘లే’యే ఉండాలి, ‘ల’ అయినా ‘లు’ అయినా పనికిరాదు. అందువల్ల కూర్చేవాడికి చెమటలు పడతాయి. పూరించేవాడికి మాత్రం ఒక మేలు ఉంది: ఒక్క గడి సరిగ్గా దొరికితే దాన్ని కోసే మాట సగం దొరికినట్లే. తప్పు దొరికితే కూడా అంతే గట్టిగా పట్టుకుంటుంది.

నాకు తప్పే దొరికింది. ‘ఆసామి ఇంట్లో పనివాడు, విడదీస్తే దుత్త చాలదు (3)’ అన్న ఆధారానికి మా వైపు మాట ‘జీతగాడు’. అది నాలుగు గళ్ళు. మూడు గళ్ళకు ‘నౌకరు’ సరిపోయిందని రాసేశాను. దుత్త అంటే చిన్న కుండ; ‘దుత్త చాలదు’ ఎందుకన్నారో తేలలేదు, పోనీలే అనుకున్నాను. దాని నడిమి గడిని కోసుకుంటూ నిలువుగా ‘ఇల్లాలు ఏరైన ఊరు (3)’ ఉంది. నడుమ ‘క’ ఉండే మూడక్షరాల ఊరు ఏదైనా ఇల్లాలితో కలుస్తుందా అని ఉమ్మడి జిల్లా మండలాలన్నీ వరుసగా తలుచుకున్నాను. సాయంత్రానికి ఆ గడిలో రుద్ది రుద్ది జిరాక్సు కాగితం నూగు లేచింది. రాత్రికి మామకు ఫోన్ చేసి ఒక్క అక్షరం చెప్పమని అడిగాను. ‘బిడ్డా, ఆధారం సగం సదివితే జవాబు గూడ సగమే వస్తది’ అని ఫోన్ పెట్టేశారు.

రెండు రోజుల తరువాత ఆఫీసు పని మీద మహబూబ్‌నగర్ వెళ్ళవలసి వచ్చింది. దేవరకొండ, కల్వకుర్తి మీదుగా వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుని కాగితం మడత విప్పాను. ఆ పూట నా ముందున్నది ‘మోగుతుంది, పారుతుంది, అరవై ఏళ్ళకొకసారి వస్తుంది (3)’. అరవై ఏళ్ళకొకసారి వచ్చేది తెలుగు సంవత్సరం. ప్రభవ, విభవ నుంచి వేళ్ళు మడుస్తూ పోయి యాభై ఆరో పేరు దగ్గర ఆగాను. దుందుభి. భేరి కనుక మోగుతుంది. 1982 ఉగాదికి వచ్చింది, మళ్ళీ 2042లో వస్తుంది. మూడింట రెండు కాళ్ళు కుదిరాయి. పారడం ఏమిటో మాత్రం తెలియలేదు. ‘నౌకరు’ దగ్గర చేసినట్టు పోనీలే అనుకోవడానికి ఈసారి మనసొప్పలేదు.

బస్సు కల్వకుర్తి దాటి మిడ్జిల్ వైపు పోతుండగా ఒక వంతెన వచ్చింది. కింద ఇసుక, అక్కడక్కడ తుమ్మ చెట్లు, నీటి చుక్క లేదు. పక్క సీట్లోని పెద్దమనిషి తలపాగా సర్దుకుంటూ వెనుక సీటాయనతో ‘జూడు, దుందుభి ఎట్ల ఎండిందో. వానకాలం పారితే గీ బస్సులు గూడ ఆగేటియి’ అన్నాడు. నాకు ఒక్క క్షణం అది నాతోనే అన్నట్టు తోచింది. మా నల్లగొండ వైపు మేము డిండి అని పిలిచే వాగుకే పాలమూరు వైపు దుందుభి అని పేరు. నల్లగొండలో పుట్టి పెరిగి డిండి ప్రాజెక్టు ఎన్నిసార్లో చూసిన నాకు ఆ పేరు తట్టకపోవడం నా తప్పే.

వాగు అని తెలియగానే పాండవులు వనవాసానికి వెళ్ళిపోయారు. భీమా భీముడు కాదు, నది. బస్సు కుదుపులకు అక్షరాలు వంకర పోతున్నా ఆగలేదు. ‘చాప అల్లే గడ్డి జాగ్రత్త, సున్న మాత్రం రాల్చండి (4)’: గడ్డి తుంగ, జాగ్రత్త భద్రం, సున్న రాలితే తుంగభద్ర. ‘నౌకరు’ను చెరిపేసి పాలేరు అని రాశాను; కోస్తా వైపు మాట కావడం వల్ల అంతదాకా నాలుకకు రాలేదు. పాల ఏరు పారితే దుత్తేమి చాలుతుంది! నడుమ ‘లే’ పడగానే ఆలు, ఏరు కలిసి ఆలేరు అయింది. ఉత్తునకు అచ్చు పరమైతే సంధి అని ఎనిమిదో తరగతిలో మామ చేత దెబ్బలు తింటూ వల్లించిన సూత్రం అది.

ఆరోది ‘కన్ను ... తెరిచేలోగా రాజధాని దాటుతుంది (2)’. మూసి. ఇది నాకు నచ్చలేదు. నది పేరును మనం ఎక్కువగా ‘మూసీ’ అని దీర్ఘంతోనే రాస్తాం. కన్ను మూయడానికి హ్రస్వం, నదికి దీర్ఘం అయినప్పుడు ఒకే గడిలో రెండూ ఎలా ఇముడుతాయి? పైగా ఆలేరు నేరుగా కృష్ణలో కలవదు, ముందు మూసీలో కలుస్తుంది. ఈ రెండు అభ్యంతరాలనూ కాగితం అంచున రాసిపెట్టాను.

ఇక నడిమి జవాబు: ‘ఏరు కడకు పోయేదీ, అప్పిచ్చిన సొమ్ము రాదనుకుంటే అనేదీ (4)’. అందులో మూడో గడిని కోసే నిలువు ఆధారం ఈ కాగితం మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చింది: ‘గర్వం సున్న పోగొట్టుకుని, యుద్ధం తల పోగొట్టుకుంటే ముఖం కనబడుతుంది (3)’. దర్పంలో సున్న పోతే దర్ప, రణంలో తల పోతే ణం, కలిపితే దర్పణం. అక్షరాల లెక్క ఒక్కటీ తప్పలేదు, పైకి చదివితే నీతిపద్యంలా కూడా ఉంది. దాని ‘ర్ప’ వచ్చి నడిమి వరుసలో పడింది. నాలుగు గళ్ళ మాటలో మూడో అక్షరం ‘ర్ప’ అయితే ఇంకేముంటుంది, కృష్ణార్పణం! తంగిడి దగ్గర భీమా, అలంపురం దాటాక తుంగభద్ర, వాడపల్లి దగ్గర మూసీ, డిండి, పాలేరు, అన్నీ చివరకు కృష్ణకే. జడ్చర్ల రాకముందే ఆరు నక్షత్రాలూ నిండాయి.

అయినా ఒక మూల ఖాళీగా మిగిలింది. ‘పట్నంలో నీళ్ళు విప్పేది, పక్కన ఎక్కేది, జిల్లా కేంద్రం (4)’. నక్షత్రం లేదు, తేలికగా రావాలి. పని ముగించుకుని తిరుగు బస్సు ఎక్కేదాకా తట్టలేదు. రాత్రి ఇంటికి చేరి చేతులు కడుక్కుందామని పెరట్లో నల్లా విప్పితే అప్పుడు తట్టింది. కుళాయిని మనం నల్ల అంటాం, పక్కన కొండ. నల్లగొండ. తడి చేత్తోనే వెళ్ళి రాశాను, ‘గొం’ దగ్గర సిరా కాస్త పాకింది.

ఫోటో తీసి పంపాను. వారం తరువాత దిద్దిన కాగితం తపాలాలో వచ్చింది. నా మొదటి అభ్యంతరం పక్కన ఎర్ర సిరాతో ‘ఒప్పుకున్నాను’ అనీ, రెండోదాని పక్కన ‘మూసి చెయ్యి పట్టుకునే పోతది’ అనీ ఉంది. తుంగభద్ర చుట్టూ ఒక సున్న చుట్టి, కింద ‘ద్రలో క్రారవడి కనబడుట లేదు, అర మార్కు కోత’ అని రాశారు; క్రారవడి అంటే ‘ర’ ఒత్తు. బస్సు కుదుపు అని చెప్పి చూశాను, ఒప్పుకోలేదు.