ఖాళీ ఇంట్లో 117 మంది: జనాభా లెక్కల్లో నా అనుభవం

క్రికెట్ ప్రపంచకప్ సెమీఫైనల్లో మొహాలీలో మనవాళ్లు పాకిస్తాన్‌పై గెలిచిన మర్నాడు, అంటే 2011 మార్చి 31న, దేశ జనాభా 121 కోట్లు దాటిందని టీవీలో ప్రకటించారు. మా ఇంట్లో ఎవరూ ఆ మాట చెవిన వేసుకోలేదు; అందరికీ ఫైనల్ మ్యాచ్ గొడవే. నేను మాత్రం లేచి వెళ్లి, బీరువాలో చీరల కింద దాచిన, జనాభా లెక్కల ఫారాలు అప్పగించిన రశీదును మరొకసారి తీసి చూసుకున్నాను. ఆ 121 కోట్లలో 758 మంది నేను విజయవాడలో రెండు వీధులు ఇంటింటికీ తిరిగి, పేరుపేరునా రాసుకున్నవారు. వారిలో 117 మందిని లెక్కలోకి తేవడానికి నేను పడిన అగచాట్లు ఇంకా పచ్చిగా ఉండగానే రాసి పెట్టాలని కూర్చున్నాను.

నేను ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని. ఉత్తర్వు రావడం, శిక్షణకు వెళ్లడం, సంచీ, గుర్తింపు కార్డు, ఫారాల కట్ట తీసుకోవడం ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయాయి. 2010 వేసవిలో ఇళ్ల జాబితా తయారు చేసినది వేరొక టీచరు. ఆ జాబితా సంక్షిప్త ప్రతి, చేత్తో గీసిన బ్లాకు (నాకు అప్పగించిన రెండు వీధులు) పటం నాకు ఇచ్చారు. ఫిబ్రవరి 9 నుంచి 28 లోపు బ్లాకులోని ప్రతి మనిషికీ 29 ప్రశ్నల ఫారం నింపాలి. బడి వదిలిన తరువాత సాయంత్రాలూ ఆదివారాలూ అందుకే పోయాయి. ఆ ఫారాలను యంత్రం చదువుతుందట. అందువల్ల అంకెలు గడి గీతను తాకకూడదు, కాగితం మడత పడకూడదు. ముప్పై రూపాయల అట్ట ఒకటి కొనుక్కోవడం నేను చేసిన తెలివైన పనులలో మొదటిది.

ఇళ్లలో పని సాఫీగానే సాగింది. వయసు చెప్పడానికి ఆడవాళ్లకంటే మగవాళ్లే ఎక్కువ తడబడ్డారని మాత్రం చెప్పక తప్పదు. ఒక పెద్దావిడ అమెరికాలో ఉన్న కొడుకు పేరు కూడా రాయమని పట్టుబట్టారు. లెక్క జరిగే రోజులలో దేశంలో లేనివారిని రాయకూడదని చెబితే, "అదేంటమ్మా, వాడు నా కొడుకు కాకుండా పోయాడా?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అప్పుడు ఫారంలోని చివరి ప్రశ్నలలో ఒకటి నన్ను ఆదుకుంది. పెళ్లయిన ప్రతి స్త్రీనీ, ప్రస్తుతం జీవించి ఉన్న పిల్లలు ఎందరని అడగాలి. అక్కడ 2 అని రాసి, "ఇందులో ఒకరు మీ అబ్బాయేనండీ" అని చూపించాను. ఆవిడ కాఫీ ఇచ్చి పంపారు. పురిటికి వచ్చిన కూతుళ్ల విషయంలోనూ ఇలాంటి తికమకే ఉంటుంది. ఆ ఇరవై రోజులలో అత్తవారింటి ముఖం చూడని అమ్మాయిని పుట్టింట్లోనే రాయాలి. మామగారు ఎంత నొచ్చుకున్నా సరే, ఒక మనిషి ఒక్కచోటే లెక్కకు రావాలి.

ఇక అసలు సంగతి. నా బ్లాకు పటంలో వీధి చివర మూడంతస్తుల భవనం ఒకటి ఉంది. జాబితాలో దాని ఎదురుగా "ఖాళీ" అని ఉంది. ఫిబ్రవరిలో నేను వెళ్లేసరికి ఆ మేడ మీది తీగలపై ఒకే రంగు యూనిఫారాలు ఆరుతున్నాయి. మా ఊరివారికి విడమరిచి చెప్పనక్కరలేదు, అది ఇంటర్మీడియట్ ఆడపిల్లల హాస్టలు. వేసవి సెలవులలో ఇల్లు ఖాళీగా కనిపించి ఉంటుంది, జూన్ తరువాత కళాశాలవారు అద్దెకు తీసుకున్నారు. హాస్టలు పిల్లలను ఊళ్లో తల్లిదండ్రులు తమ ఇంటి లెక్కలో చెప్పకూడదు. వారు ఉంటున్న చోటనే, సంస్థాగత కుటుంబంగా (చుట్టరికం లేకపోయినా ఒకే సంస్థలో కలిసి తింటూ ఉండేవారిగా), నేనే రాయాలి. నేను రాయకపోతే వారు ఎక్కడా ఉండరు. 2001 లెక్కల తరువాత జరిపిన మదింపు సర్వేలో, వెయ్యి మందికి సుమారు 23 మంది లెక్కలోకి రాకుండా మిగిలిపోయారని తేలిందని శిక్షణలో విన్నప్పుడు, వీళ్లెవరు, ఎలా తప్పిపోతారు అనుకున్నాను. ఆ మేడ కింద నిలబడ్డాక అర్థమైంది.

మొదటి సాయంత్రం అక్కడి ఇన్‌ఛార్జి, నా దగ్గర చదువుకున్న పిల్లలకంటే రెండేళ్లు పెద్దవాడై ఉంటాడు, నా మెడలోని కార్డును చదవకుండానే, "ఏమ్మా, అడ్మిషన్లు ఇప్పుడు లేవు" అన్నాడు. సంగతి చెప్పాను. ప్రిన్సిపాల్ గారి అనుమతి కావాలన్నాడు. మర్నాడు ప్రిన్సిపాల్ గారిని కలిస్తే, అది తమ పరిధిలోది కాదు, పై ఆఫీసును అడగాలన్నారు. పై ఆఫీసులో గంటన్నర కూర్చోబెట్టి, హాస్టలు విషయాలు హాస్టలులోనే తేల్చుకోమన్నారు. ఈ ముగ్గురూ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదేమోనని నాకు అనుమానం.

మూడవ రోజు మళ్లీ వెళ్లాను. లోపలికి రావద్దని, గుమ్మం పక్కన చెప్పులు పెట్టే అరల దగ్గర ఒక ప్లాస్టిక్ స్టూలు వేశారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో నన్ను చెప్పుల పక్కన కూర్చోబెట్టినవారు అంతకుముందు ఎవరూ లేరు. ఎదురుగా పిల్లలు క్లాసులకు వరుసగా పోతున్నారు, వారిలో ఒకమ్మాయి నన్ను చూసి, ఎవరి అమ్మో వచ్చి ఎదురుచూస్తున్నదనుకుని, "ఎవరిని పిలవాలి ఆంటీ?" అని అడిగింది. అందరినీ పిలవాలమ్మా అని ఎలా చెప్పను? ముప్పావు గంట తరువాత ఇన్‌ఛార్జి వచ్చి, "రాసుకోండి, అరవై మంది. పేర్లు ఇవ్వడానికి కుదరదు" అన్నాడు. నేను అప్పటికి ఊరికే కూర్చోలేదు. అరలలో ఉన్న జతలు లెక్కపెట్టాను. ఎనభై నాలుగు. పిల్లలు కొందరు బయటికి వెళ్లాక మిగిలినవి ఎనభై నాలుగు. ఆ మాటే అతనితో అంటే, "మీరు జనాన్ని లెక్కపెట్టడానికి వచ్చారా, చెప్పుల్ని లెక్కపెట్టడానికి వచ్చారా?" అన్నాడు. పక్కనున్న ఇద్దరు నవ్వారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోపంకంటే, అతని నోట అబద్ధం అంత సులువుగా ఎందుకు వచ్చిందన్న ఆలోచనే ఎక్కువగా పీడించింది. నివాసగృహంగా ఉన్న ఇంట్లో ఇంతమందిని పెట్టామని ఎక్కడో రాతపూర్వకంగా నమోదవుతుందని వారి భయం అయి ఉంటుందని తోచింది. మా సూపర్‌వైజరు, హైస్కూలు సోషల్ మాస్టారు, మరునాడు నాతో వచ్చారు. ఆయన గొంతు పెంచలేదు. 1948 నాటి జనగణన చట్టం తెలుగు ప్రతిని బల్లమీద పరిచి, 8వ సెక్షన్ ప్రకారం అడిగినదానికి తెలిసినంతవరకు సమాధానం చెప్పి తీరాలని, 11వ సెక్షన్ కింద చెప్పనివారికి వెయ్యి రూపాయల వరకు జరిమానా ఉందని చదివారు. వెయ్యి రూపాయలకు వారు చలించలేదు. ఒక పిల్ల నెల ఫీజులో అదెంత? కానీ 15వ సెక్షన్ చదివినప్పుడు ఇన్‌ఛార్జి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. జనగణన రికార్డులను ఎవరూ తనిఖీ చేయడానికి వీల్లేదు, కోర్టులో సాక్ష్యంగా వాడడానికీ వీల్లేదు అన్నది దాని సారం. "అంటే కార్పొరేషన్ వాళ్లకు వెళ్లదా?" అని రెండుసార్లు అడిగాడు. వెళ్లదని మాస్టారు రెండుసార్లు చెప్పారు. స్టూలు లోపలికి వచ్చింది. కుర్చీ మాత్రం రాలేదు.

మూడు రాత్రులు, తొమ్మిదిన్నరకు చదువు గంట ముగిశాక, మెస్ హాలులో అన్నానికి నిలబడినట్లు పిల్లలు వరుసలో నిలబడితే రాసుకున్నాను. ఇన్‌ఛార్జి అడ్మిషన్ రిజిస్టరు చూసి తానే చదువుతానన్నాడు, నేను ఒప్పుకోలేదు. రిజిస్టరులో ఉండేది ఊరు, ఫీజు. నాకు కావలసినది పుట్టినచోటు, మాతృభాష, ఇంతకుముందు ఉన్నచోటు, ఇక్కడికి ఎందుకు వచ్చారు, వచ్చి ఎంతకాలమైంది అన్నవి. పుట్టినచోటు దగ్గర ప్రతి రెండవ పిల్లా తడబడింది. పల్నాటి అమ్మాయి పిడుగురాళ్ల అంటుంది, ఆ వెంటనే "కాదు మేడమ్, అమ్మమ్మగారిది మాచర్ల, అక్కడ పుట్టాను" అంటుంది. పురుడు పుట్టింట్లో పోసుకోవడం మన ఆచారం కనుక, మనలో చాలామందిమి పుట్టిన కొన్ని నెలలకే, లెక్కల భాషలో, వలసదారులం అయిపోతాం. ఈ విషయం తెలిసే కాబోలు, వలసకు కారణాలలో ఉద్యోగం, చదువు, పెళ్లితోపాటు "పుట్టిన తరువాత వచ్చారు" అన్నదానికి కూడా ఒక సంకేతం ఇచ్చారు. ఆ ఫారం తయారు చేసినవారిలో ఎవరో ఒకరు పుట్టింటి సంగతి తెలిసినవారు ఉన్నారని సంతోషించాను.

రెండవ రాత్రి ఒక సన్నపాటి పిల్ల మాతృభాష తెలుగు అని చెప్పి, నాలుగు అడుగులు వేసి, వెనక్కి తిరిగి వచ్చి, ఇన్‌ఛార్జి వైపు చూసి, వంగి నా చెవిలో, "మేడమ్, లంబాడీ అని రాయండి. మా అమ్మకు అదే వచ్చు" అన్నది. మొదట రాసినది కొట్టేసి తిరగరాశాను. నా ఫారాలన్నింటిలో కొట్టివేత ఉన్న ఫారాలు మూడే. అందులో ఆ ఒక్కదానికి నాకు విచారం లేదు.

మొత్తం 117. అరవై కాదు. ఎవరి మధ్యా చుట్టరికం లేదు కనుక అందరికీ "సంబంధం లేనివారు" అని రాయాలి. పక్కపక్క మంచాలలో పడుకుని, ఒకే బకెట్టు కోసం తెల్లవారుజామున నాలుగింటికి లేచే పిల్లలకు ఆ మాట 117 సార్లు రాయడం వింతగానే ఉంటుంది.

ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లు లేనివారిని లెక్కపెట్టాలి. నా బ్లాకులో దుకాణాల వసారా కింద నలుగురు రిక్షావారు, ఒక ముసలమ్మ. అరగంటలో ముగిసింది. ఆ అర్ధరాత్రి, మార్చి 1 మొదలైన క్షణమే లెక్కకు ప్రమాణం. మార్చి 1 నుంచి 5 వరకు, శివరాత్రి పండుగ రోజుతో సహా, మళ్లీ ఇంటింటికీ వెళ్లి సరిచూశాను. ఫిబ్రవరి 27న పుట్టిన పాపను, ఇంకా పేరు పెట్టలేదు కనుక "పాప" అనే రాసి చేర్చాను. 12వ తేదీన నాతో గంటసేపు స్వాతంత్ర్యోద్యమం గురించి మాట్లాడి, చదువు కాలమ్‌లో "పాత ఎస్సెస్సెల్సీ" అని గట్టిగా చెప్పి రాయించిన ఒక తాతగారు 24న పోయారు. ఆయన వరుసను ఆయన కోడలి ఎదుటే కొట్టివేయవలసి వచ్చింది. మార్చి 2న పోయిన ఎదురింటాయన మాత్రం లెక్కలో ఉన్నారు. అర్ధరాత్రికి ఆయన బతికే ఉన్నారు కదా.

ఇంత చేసి ఫారాలు అప్పగించడానికి వెళితే, ఆ ఆఫీసు గుమస్తా (పేరెందుకు, ఆఫీసు పేరూ ఎందుకు) పాత జాబితాను, నా మొత్తాన్ని పక్కపక్కన పెట్టి, "ఖాళీ ఇంట్లో ఇంతమందిని ఎక్కణ్నుంచి తెచ్చారు టీచరుగారూ? దొంగ ఓట్లా ఇవి?" అని పదిమందిలో అన్నాడు. 117 తీసేస్తే జాబితాతో సరిపోతుందని సలహా కూడా ఇచ్చాడు. చెప్పుల పక్కన కూర్చున్నదాన్ని, నేను కదలలేదు. సవరించిన పటం చూపించాను, సూపర్‌వైజరు సంతకం చూపించాను, చివరికి కూడికలు నేలమీద కూర్చుని అతని కళ్లముందు మళ్లీ చేశాను. ఆడ, మగ, ఆరేళ్ల లోపు పిల్లలు, అక్షరాస్యులు, అన్నీ మొదటిసారి వచ్చినట్లే వచ్చాయి. ఎక్కాలు రాని గుమస్తాలకు ఇటువంటి పనులు అప్పగించకూడదని నా నిశ్చితాభిప్రాయం. ఆ తొందర ఎందుకో తరువాత తెలిసింది: మేము చేత్తో కూడి ఇచ్చిన ఆ ఒక్క పేజీ సారాంశాలనే కలుపుకుంటూ పోయి, నెల తిరగకుండా దేశం మొత్తానికి తాత్కాలిక లెక్క చెప్పారు. యంత్రం చదివి తేల్చే వివరాలు అప్పటికి ఇంకా రాలేదు.

ఆ తాత్కాలిక లెక్కలలో మన రాష్ట్రానికి, అంటే అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు, 8 కోట్ల 46 లక్షలు వచ్చింది. 1991 నుంచి 2001 వరకు 14.59 శాతం పెరిగిన రాష్ట్రం 2011 వరకు గడిచిన పదేళ్లలో దాదాపు 11 శాతమే పెరిగింది. ఇది నాకు ఆశ్చర్యం కలిగించలేదు. నా రెండు వీధులలో ముగ్గురు పిల్లలున్న యువతి ఒక్కరూ లేరు. కానీ ఆరేళ్లలోపు వారిలో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 961 నుంచి 943కు తగ్గారన్న వార్త చదివినప్పుడు, చదువుకున్నవాళ్ల ఇళ్లలో "ఒక్కడు చాలండీ" అని నాతో ఎంతమంది అన్నారో, ఆ "ఒక్కడు" అన్న మాటలోని "డు" ఎన్నిసార్లు వినబడిందో గుర్తుకు వచ్చింది.

మళ్లీ జనాభా లెక్కలు జరిగినప్పుడు ఈ పని నెత్తిన పడేవారికి నాలుగు మాటలు. అప్పటికి నేను రిటైరై ఉంటాను. జాబితాలో "ఖాళీ" అని ఉన్న ప్రతి ఇంటికీ మొదటిరోజే వెళ్లండి. హాస్టలును చివరికి వాయిదా వేయకండి, పరీక్షలు దగ్గర పడితే పిల్లలు దొరకరు. చట్టం ప్రతిని సంచీలో పెట్టుకుని, జరిమానా సెక్షన్‌కంటే ముందు 15వ సెక్షన్ చదవండి. పటానికీ సారాంశానికీ జిరాక్సు తీయించి సూపర్‌వైజరు సంతకం పెట్టించుకోండి. మంచినీళ్ల సీసా మీదే తీసుకెళ్లండి, ఎందుకంటే ఆ హాస్టలులో నాకు ఆరు సాయంత్రాలలో ఒక్కరైనా నీళ్లు ఇవ్వలేదు, ఇచ్చింది ఆ లంబాడీ పిల్ల ఒక్కతే.