హెర్పిస్ భయం: పరీక్షను ఏమి అడగాలి?

హెర్పిస్ సోకిందేమోనని భయపడేవారు అడిగే ప్రశ్న ఒకటి, పరీక్ష జవాబు చెప్పగలిగే ప్రశ్న మరొకటి. ఆ భయాన్ని దగ్గరగా చూసిన తర్వాత నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన సంగతి ఇదే. ‘నా ఒంట్లో ఈ వైరస్ లేదని ఎవరైనా ఖాయంగా చెబుతారా?’ అని భయం అడుగుతుంది. ఈ పుండులో ఇప్పుడు వైరస్ ఉందా, ఈ రక్తంలో దానిని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకునే యాంటీబాడీలు కనిపిస్తున్నాయా అన్నంత వరకే ప్రయోగశాల చెప్పగలదు. ఈ తేడా తెలియకపోతే ఎన్ని నివేదికలు చేతికి వచ్చినా మనసు కుదుటపడదు.

ముందుగా వ్యాధి సంగతి. హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌లో రెండు రకాలున్నాయి. మొదటి రకం ఎక్కువగా పెదవుల చుట్టూ, రెండవది ఎక్కువగా జననాంగాల వద్ద పుళ్ళు కలిగిస్తుంది కానీ, నోటితో జరిపే లైంగిక చర్య వల్ల మొదటి రకం కూడా జననాంగాలకు సోకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం, 50 ఏళ్ళ లోపు వారిలో సుమారు 370 కోట్ల మందికి మొదటి రకం, 15 నుంచి 49 ఏళ్ళ వారిలో దాదాపు 49 కోట్ల మందికి రెండవ రకం ఉన్నాయి. వీరిలో ఎక్కువమందికి లక్షణాలేవీ ఉండవు, లేదా ఏదో మామూలు దురద అనుకుని వదిలేసేంత స్వల్పంగా ఉంటాయి.

లక్షణాలు కనిపించేవారిలో అవి సాధారణంగా వైరస్ సోకిన 2 నుంచి 12 రోజుల మధ్య మొదలవుతాయి. ముందు చర్మం మీద మంట, చిమచిమ, తర్వాత ఎర్రబడిన చోట గుంపుగా చిన్న నీటి పొక్కులు, అవి చితికి నొప్పిపెట్టే పుళ్ళు, చివరకు పక్కు కట్టి మానడం, ఇదీ వరుస. మొదటిసారి వచ్చినప్పుడు జ్వరం, ఒళ్ళునొప్పులు, గజ్జల్లో బిళ్ళలు కట్టడం, మూత్రం పోసేటప్పుడు మంట కూడా ఉండవచ్చు. ఆ తర్వాత మళ్ళీ వచ్చేవి చాలావరకు తేలికగా, తక్కువ రోజుల్లో తగ్గిపోతాయి. అయితే వెంట్రుక కుదురు వాపు, గొరిగినప్పుడు పడిన గాటు, ఫంగస్, సబ్బు పడకపోవడం వల్ల వచ్చిన దద్దురు కూడా భయపడుతున్న కంటికి హెర్పిస్‌లాగే కనిపిస్తాయి. అందుకే ఫొటోలతో పోల్చి చూసుకోవడం నిర్ధారణకు పనికిరాదన్నది నా గట్టి అభిప్రాయం.

పుండు ఉంటే మార్గం సులువు. అది పచ్చిగా ఉండగానే, వీలైతే మొదటి రెండు రోజుల్లోనే, వైద్యులు స్వాబ్‌తో నమూనా తీసి, వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షకు పంపుతారు. వైరస్ ఉన్నదీ లేనిదీ మాత్రమే కాక అది ఏ రకమో కూడా అందులో తెలుస్తుంది. మానడం మొదలైన పుండు నుంచి తీసిన నమూనాలో వైరస్ దొరకకపోవచ్చు కాబట్టి ఆలస్యం చేయకూడదు.

చిక్కంతా రక్తపరీక్షతోనే. ఐజీఎం, ఐజీజీ అనేవి అందులో వెతికే రెండు తరహాల యాంటీబాడీలు. ఐజీఎం పరీక్ష వైరస్ రకాన్ని నమ్మకంగా తేల్చలేదు, సోకినది కొత్తగానా పాతదా అన్నదీ చెప్పలేదు. కనుక దానిని చేయించుకోవద్దనే నిపుణుల సూచన. రకాన్ని విడిగా చెప్పే ఐజీజీ పరీక్షకు విలువ ఉంది కానీ, యాంటీబాడీలు కనిపించే స్థాయికి చేరడానికి కొన్ని వారాలు పడుతుంది. సందేహం కలిగించిన కలయిక జరిగిన మరుసటి వారమే చేయించి నెగటివ్ వచ్చిందని సంతోషించడం, పాజిటివ్ వస్తే అది ఆ కలయిక వల్లనే అనుకోవడం, రెండూ తొందరపాటే. సుమారు 12 వారాలు ఆగి చేయించిన ఫలితాన్ని చాలావరకు నమ్మవచ్చు. మరొక విషయం మరింత ముఖ్యం. రెండవ రకానికి చేసే సాధారణ ఐజీజీ పరీక్షలో సూచిక విలువ 1.1 నుంచి 3.0 మధ్య వస్తే అది తప్పుడు పాజిటివ్ అయ్యే అవకాశం గణనీయంగా ఉంటుంది కాబట్టి, వేరే పద్ధతిలో చేసిన రెండో పరీక్షతో ధ్రువీకరించుకోనిదే దానిని నిర్ధారణగా తీసుకోకూడదు. నివేదికలో ‘పాజిటివ్’ అన్న మాట చూడగానే కుంగిపోయేవారు ముందు దాని పక్కనున్న అంకెను చూడాలి. లక్షణాలు లేనివారందరికీ ఈ పరీక్ష చేయవద్దని వ్యాధుల నివారణపై సూచనలిచ్చే నిపుణుల బృందమైన అమెరికా నివారణ సేవల కార్యదళం 2016లోనూ, మళ్ళీ 2023లోనూ చెప్పడానికి తప్పుడు పాజిటివ్‌ల వల్ల కలిగే హాని కూడా ఒక కారణం.

సరైన సమయంలో, సరైన పరీక్షలో నెగటివ్ వచ్చిన తర్వాత కూడా భయం తగ్గకపోతే, ఇక వైద్యం అవసరమైనది ఆ భయానికే. రోజుకు పదిసార్లు అద్దంలో చూసుకోవడం, చర్మాన్ని నొక్కి చూడడం, అర్ధరాత్రి దాకా లక్షణాలు వెతకడం ఆ క్షణానికి ఊరటనిచ్చినా మరుసటి సందేహానికి దారి తీస్తాయి. అదేపనిగా గమనించే చోట మంట, చిమచిమ నిజంగానే తెలుస్తాయి. అది నటన కాదు, మెదడు ఆ చోటి నుంచి వచ్చే ప్రతి చిన్న కబురునూ పట్టించుకోవడం. చాలామందిలో ఈ భయం వెనుక జరిగిన కలయిక గురించిన అపరాధ భావన దాగి ఉంటుందని కూడా నాకనిపిస్తుంది; పరీక్షలో దానికి విడుదల దొరకదు. ఇటువంటి ఆరోగ్య ఆందోళనకు, ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే మానసిక చికిత్స బాగా పనిచేస్తుంది. చూసుకోవడాన్ని, పదేపదే భరోసా అడగడాన్ని కొద్దికొద్దిగా తగ్గించడం అందులో ముఖ్యమైన భాగం.

నిజంగానే వైరస్ ఉందని తేలితే, అది నరాల గుచ్ఛాలలో ఉండిపోతుంది గనుక పూర్తిగా పోదు. కానీ ఎసైక్లోవిర్, వాలసైక్లోవిర్ వంటి మందులు పుళ్ళను త్వరగా మానుస్తాయి, రోజూ వాడితే మళ్ళీ రావడాన్ని, భాగస్వామికి సోకే అవకాశాన్ని తగ్గిస్తాయి. కండోమ్ కూడా ఆ అవకాశాన్ని తగ్గిస్తుంది, పూర్తిగా తొలగించదు. పుళ్ళు ఉన్న రోజుల్లో కలయికకు దూరంగా ఉండాలి. గర్భవతులు మాత్రం ఈ సంగతిని వైద్యులకు తప్పక చెప్పాలి. నెలలు నిండే సమయంలో కొత్తగా సోకితే బిడ్డకు ప్రమాదం ఎక్కువ. ఎప్పటినుంచో ఉన్నవారి బిడ్డలకు అది చాలా తక్కువ, పైగా చివరి వారాల్లో ఇచ్చే మందులతో, కాన్పు సమయంలో పుళ్ళు ఉంటే సిజేరియన్‌తో దానిని ఇంకా తగ్గించవచ్చు.