తాతయ్య కిరసనాయిలు ఇంజన్ మళ్ళీ లేచింది

తాడు నాలుగు చుట్లు చుట్టి లాగితే పుల్లీ గిర్రున తిరిగి ఊరుకుంది. ఎక్కడా అడ్డు తగల్లేదు. చిన్నప్పుడు ఇదే ఇంజన్‌ని నేను లాగబోతే సగం తిరిగి, పిస్టన్ లోపలి గాలిని నొక్కే చోట, అంటే కంప్రెషన్ దగ్గర ఆగి, తాడుని వెనక్కి గుంజేది. "చెయ్యి తియ్యరా, భుజం ఊడిపోద్ది" అని తాతయ్య అరిచేవాడు. అంత పొగరున్న ఇంజన్ ఇలా వట్టి చక్రంలా తిరగడం చూస్తే నాకు నిజంగా కడుపులో దేవినట్టయింది.

ఇది విల్లియర్స్ ఇంజన్, దానికి బిగించిన రెండంగుళాల పంపు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. కృష్ణ లంకల్లో మాకు ఎకరంన్నరలో పసుపు, కంద, అరటి ఉండేవి. మా లంక పొలంలోకి కరెంటు లైను లేదు కాబట్టి ఏటి పాయలోంచి నీళ్ళు తోడాలంటే ఇదే గతి. కర్రకి కట్టి ఇద్దరు మోసుకుపోయేవాళ్ళు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక మెరక పొలంలో మోటారు పెట్టుకున్నాం, తాతయ్య పోయాక లంక పొలం కౌలుకిచ్చేశాం, ఇంజన్ పశువుల కొట్టంలో యూరియా గోతాల కిందకి చేరింది. పోయిన సంక్రాంతికి వెళ్తే అమ్మ దాన్ని పాత ఇనప సామాన్లవాడికి తూకానికి వేసేద్దామంది. వద్దని కారు డిక్కీలో పెట్టుకుని హైదరాబాదు తెచ్చేశాను.

విల్లియర్స్ ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్ కంపెనీ. విల్లియర్స్ వీధిలో ఉండేది కాబట్టి ఆ పేరు. మొదట్లో సైకిల్ పెడళ్ళు, ఫ్రీవీళ్ళు చేసి, ఆ తరవాత మోటార్ సైకిళ్ళకీ పొలం పనిముట్లకీ చిన్న ఇంజన్లు చేశారు. మా ఊళ్ళో ఇదంతా ఎవరికీ పట్టలేదు, అందరికీ అది కిరసనాయిలు ఇంజన్, అంతే.

ఆ పేరు ఊరికే రాలేదు. ట్యాంకు లోపల అడ్డుగోడ ఉంటుంది, చిన్న అరలో పెట్రోలు, పెద్ద అరలో కిరసనాయిలు. చల్లటి ఇంజన్‌లో కిరసనాయిలు సరిగ్గా ఆవిరవదు. అందుకని పెట్రోలుతో లేపి, ఇంజన్ బాగా వేడెక్కాక కాక్‌ని, అంటే ట్యాంకు కుళాయిని, కిరసనాయిలు వైపు తిప్పాలి. అసలు కిటుకు ఆపేటప్పుడు ఉంది. ఆపే ముందు మళ్ళీ పెట్రోలు వైపు తిప్పి కాసేపు నడపాలి, లేకపోతే ఇంధనాన్ని గాలితో కలిపే కార్బొరేటర్ నిండా కిరసనాయిలే మిగిలిపోయి తెల్లారి ఎంత లాగినా లేవదు. తాతయ్య ఏ ఒక్క రోజూ ఇది మర్చిపోయినట్టు నాకు గుర్తులేదు. చివరిసారి నడిపినవాళ్ళెవరో మర్చిపోయారు. కార్బొరేటర్ కప్పు విప్పితే అడుగున తుమ్మజిగురులా గట్టిపడిన ముద్ద, అందులో ఇంధనం మీద తేలాల్సిన ఫ్లోట్ సగం వరకూ కూరుకుపోయి ఉంది.

ముందు కంప్రెషన్ సంగతి చూశాను, ఎందుకంటే అది లేకపోతే మిగతా ఏది చేసినా దండగే. ఇది సైడ్ వాల్వ్ ఇంజన్. వాల్వులు పైన హెడ్డులో కాకుండా కింద బ్లాకులోనే, పిస్టన్ పక్కన ఉంటాయి. హెడ్డు అంటే ఒక మూత, బోల్టులు తీస్తే చేతిలోకి వచ్చేస్తుంది. నేర్చుకోవాలనుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి ఇంజన్ ఉండదని నా నమ్మకం, మూత తీయగానే పిస్టనూ రెండు వాల్వులూ ఎదురుగా కనపడతాయి, తాడు లాగుతూ ఏది ఎప్పుడు లేస్తుందో కళ్ళతో చూడొచ్చు. నేను అలా చూస్తే ఎగ్జాస్ట్ వాల్వు లేచింది లేచినట్టే ఉండిపోయింది. వాల్వు కాండానికి మసి, జిగురు పట్టేసి, అది జారే గైడు గొట్టంలో బిగుసుకుపోయింది. కిరసనాయిలుకి ఆక్టేన్ తక్కువ, ఎక్కువ నొక్కితే లోపల టకటకా కొట్టుకుంటుంది, అందుకని ఇలాంటి ఇంజన్లకి కంప్రెషన్ మొదట్నించీ తక్కువే పెడతారు. ఉన్న ఆ కాస్తా వాల్వు దగ్గర కారిపోతే ఇక మిగిలేదేముంది.

సుత్తి తీసుకోవాలని చెయ్యి దురద పెట్టింది కానీ తీసుకోలేదు. డీజిలూ గేర్ ఆయిలూ కలిపి కాండం చుట్టూ పోసి వదిలేశాను. రోజూ ఆఫీసు నించి వచ్చాక కటింగ్ ప్లయర్‌కి గుడ్డ చుట్టి వాల్వుని కొంచెం అటూ ఇటూ తిప్పేవాణ్ణి. ఐదో రోజు రాత్రి అది మెల్లగా కిందకి జారి కూర్చుంది. ఆ చిన్న "టక్" కోసం ఐదు రోజులు ఆగినా పరవాలేదనిపించింది.

తరవాత గ్రైండింగ్ పేస్టు రాసి, రబ్బరు కప్పు ఉన్న కర్రతో అరచేతుల మధ్య కవ్వం తిప్పినట్టు తిప్పుతూ, వాల్వు అంచు చుట్టూ ఒకే వెడల్పులో బూడిదరంగు పట్టీ వచ్చేదాకా నూరాను. సరిగ్గా కూర్చుందో లేదో తెలియాలంటే వాల్వు మీద చెంచాడు పెట్రోలు పోసి కింద పోర్టులోంచి చూడాలి. పావుగంట చూశాను, చెమ్మ కూడా రాలేదు. అయితే నూరినకొద్దీ వాల్వు కిందకి దిగి, దాన్ని పైకి నెట్టే ట్యాపెట్ దగ్గర సందు తగ్గిపోతుంది, సందు లేకపోతే వేడికి కాండం సాగి వాల్వు పూర్తిగా మూసుకోదు. నా ఇంజన్‌లో సర్దడానికి స్క్రూ లేదు, లేతు షాపులో కాండం చివర రవ్వంత అరగదీయించాల్సి వచ్చింది. హెడ్డు ప్యాకింగు ఊళ్ళో ఎక్కడా దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన పాతది ఎదురుగా పెట్టుకుని అచ్చు గుద్దినట్టు కోసిచ్చాడు. డబ్బులు ఎంతన్నా ఇస్తానంటే మామూలు రేటే తీసుకున్నాడు.

స్పార్క్ సంగతి త్వరగానే తేలింది. మాగ్నెట్ చక్రం కింద, సరైన సమయానికి కరెంటుని తెంచి నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు ఉంటాయి, వాటికి పచ్చటి చిలుము పట్టింది. చక్రాన్ని మాత్రం పుల్లర్ పెట్టే తీయండి, దయచేసి సుత్తితో కొట్టొద్దు, క్రాంక్ వంకరపోతే ఇంజన్ మొత్తం పోయినట్టే. పాయింట్లు సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, పెట్రోలు గుడ్డతో తుడిచి, గేజి పెట్టి సందు సరిచేశాను. ప్లగ్గు వైరు ఎలుకలు కొరికేశాయి, అది మార్చాను, కండెన్సర్ కూడా కొత్తది వేశాను. రాత్రి లైటు ఆపి ప్లగ్గుని హెడ్డుకి ఆనించి తాడు లాగితే నీలంగా చిటుక్కుమంది. మా పాప "నాన్నా, మళ్ళీ" అంటూ పదిసార్లు లాగించింది.

ట్యాంకులో గులకరాళ్ళూ సర్ఫు నీళ్ళూ వేసి ఊపితే ఎర్రటి తుప్పు నీళ్ళు బకెట్ల కొద్దీ వచ్చాయి. కార్బొరేటర్‌లో ఇంధనం వచ్చే సన్నటి బెజ్జం, అంటే జెట్‌ని వైరులోంచి తీసిన సన్నటి రాగి పోగుతో పొడిచాను, సూదితో పొడిస్తే బెజ్జం పెద్దదైపోతుంది. ఇత్తడి ఫ్లోట్‌ని వేడినీళ్ళలో ముంచితే అతుకు దగ్గర బుడగలు వచ్చాయి, అంటే చిల్లి. సన్నగా టంకం పెట్టాను, లావుగా పెడితే ఫ్లోట్ బరువెక్కి మునుగుతుంది.

పెట్రోలు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమని లాగుతుంది, తేమ ఎక్కువైతే నీళ్ళతో సహా విడిపోయి అడుగుకి చేరుతుంది. పాత రబ్బర్లు దానికి తట్టుకోవు. నేను పాత పైపుతోనే చూద్దామని వదిలేస్తే మూడు వారాలకి అది ఉబ్బి, మెత్తబడి, గోరు గుచ్చితే దిగేలా అయింది. కాబట్టి పాత ఇంజన్ ఏదైనా బయటికి తీస్తుంటే ముందు పైపులూ వాషర్లూ మార్చండి, పని అయిపోగానే ట్యాంకు ఖాళీ చేయండి.

ఉగాదికి ఊరు తీసుకెళ్ళాం. బాబాయి నీళ్ళు పీల్చే పైపు చివర ఉండే ఫుట్‌వాల్వుకి కొత్త తోలు వాషరు వేసిపెట్టాడు. పంపు నిండా నీళ్ళు పోసి, మూత బిగించి, తాడు చుట్టాను. మొదటిసారి లాగితే తాడు వెనక్కి గుంజింది. ఎంత సంతోషం వేసిందో! మూడోసారికి ఒకసారి దగ్గింది, ఐదోసారికి లేచింది. సైలెన్సర్‌లోంచి పదిహేను, ఇరవై ఏళ్ళ మసి నల్లగా ఎగిరి అమ్మ ఆరేసిన దుప్పటి మీద పడింది. అమ్మ ఏమీ అనలేదు, అక్కడే నిలబడి ఆ చప్పుడు వింటూ ఉండిపోయింది.

చప్పుడు విని ఒకాయన వచ్చాడు, తన బావిలో నీళ్ళు లోతుకి పోయాయి, ఇంజన్‌ని బావి లోపలి గట్టు మీద దింపుకోవచ్చా అని అడిగాడు. ఆయన అడగడంలో న్యాయముంది, పైనుంచి పీల్చే పంపు ఏడు మీటర్లు దాటి లాగడం కష్టం. కానీ కుదరదని చెప్పేశాను. బావిలో ఇంజన్ నడిస్తే పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ పైకి పోయే దారి లేక అక్కడే నిండిపోతుంది, దానికి వాసన ఉండదు, దిగినవాడు కూలిపోతాడు, వాణ్ణి తీయడానికి దిగినవాడూ కూలిపోతాడు. తాతయ్య కూడా ఎవరికీ బావిలో దింపడానికి ఈ ఇంజన్ ఇవ్వలేదు. బదులుగా ఆయన తోటకి దగ్గర్లో ఉన్న కాలవ నించి పైపు లాగుదామన్నాం, ఒప్పుకున్నాడు.

ఇప్పుడు మా ఇంటికి రేషన్ కిరసనాయిలు రావట్లేదు కాబట్టి రెండు అరల్లో ఒకటే వాడుతున్నాం. క్రాంక్ దగ్గర ఆయిల్ సీలు ఇంకా కారుతోంది, అది వచ్చే నెల పని. ఆ సాయంత్రం అరటి పాదులు నిండాక ఇంజన్‌ని స్విచ్చితో ఆపబోతే బాబాయి నా చెయ్యి పట్టుకుని ఆపాడు. వంగి కాక్ మూశాడు. కార్బొరేటర్‌లో మిగిలిన చుక్కలు అయిపోయేదాకా అది ఇంకో నిమిషం నడిచి, రెండుసార్లు తడబడి, దానంతటదే ఆగింది.