కడప బండ గీసుకున్న గోల్డ్‌ఫిష్

మా గోల్డ్‌ఫిష్ కుంకుమకు ఎడమ పక్కన పొలుసులు ఊడిపోయాయని మొదట గమనించినది మా అమ్మాయి. మే నెలలో ఒక ఉదయం మేత వేయడానికి అక్వేరియం మూత తీసినప్పుడు మిగిలిన రెండు గోల్డ్‌ఫిష్‌లూ ఎప్పటిలాగే నోళ్ళు తెరుచుకుని పైకి వచ్చాయి కాని, కుంకుమ మాత్రం వెన్ను మీది రెక్కను ముడుచుకుని అడుగున ఒక మూలకు ఒదిగి ఉండిపోయింది. మొప్ప వెనుక నుండి నడుము దాకా ఎర్రగా గీసుకుపోయింది. ఏడు పొలుసులు లేవు, తోక అంచు కూడా చీలింది.

కారణం కోసం ఎక్కువ సేపు వెతకవలసిన అవసరం లేకపోయింది. అంతకు రెండు రోజుల ముందు నేనే, ఇంటి మెట్లకు పరచగా మిగిలిన నాపరాయి ముక్కలు రెండింటిని కడిగి, చేపలు దూరి తిరుగుతాయన్న సరదాతో గుహలాగా ఒకదానికొకటి ఆనించి పెట్టాను. కడపలో ఉంటూ కడప బండను కాదని దుకాణంలో ప్లాస్టిక్ కోట కొనడమేమిటన్నది అప్పటి నా వాదన. పొరలు పొరలుగా చీలే సున్నపురాయి ఇది, సుత్తితో కొట్టిన చోట దీని అంచు కత్తిలా తేలుతుంది. రాత్రి కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు, లైటు ఒక్కసారిగా వెలగడంతో బెదిరిన చేప ఆ సందులోకి దూసుకుపోయి ఉంటుంది.

గాయం చూడగానే మా అమ్మ, “ఏంరా, పసుపు పెట్టకుండా నీళ్ళలో అట్లే వదిలేస్తావా?” అని అడిగింది. మనుషుల గాయానికి పసుపు అద్దే ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక ఆ మాటను తేలికగా తీసుకోలేదు. అయితే నీటిలో పసుపు పొడి గాయం మీద నిలవదు, అడుగుకు చేరి కుళ్ళి నీటిని పాడుచేస్తుంది. కైకలూరు వైపు చేపల చెరువులు చూసుకునే మా బావ ఫోనులో సిఫాక్స్ వాడమన్నాడు. చేపల పుండ్ల జబ్బుకోసం భువనేశ్వర్‌లోని కేంద్రీయ మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ రూపొందించిన మందు అది. హెక్టారు చెరువులో మీటరు లోతు నీటికి, అంటే కోటి లీటర్లకు, ఒక లీటరు మోతాదు. కుంకుమను వేరుగా ఉంచాలనుకున్న టబ్బులో నీరు 20 లీటర్లు. లెక్క కడితే మిల్లీలీటరులో అయిదు వందల వంతు వచ్చింది. డ్రాపరుతో ఒక్క చుక్క వేసినా సుమారు పాతిక రెట్లు ఎక్కువవుతుంది. చెరువు వైద్యం చెరువుకే సరిపోతుందని చెప్పగా బావ నవ్వి ఒప్పుకున్నాడు.

చివరికి నేను నమ్ముకున్నవి రెండే: కల్లుప్పు, శుభ్రమైన నీరు.

తోటి చేపలు గాయాన్ని పొడుస్తాయి కనుక కుంకుమను వేరు చేయాలి. వల వాడితే దాని పోగులు ఒంటి మీది జిగురు పొరను ఇంకా గీకేస్తాయి. చేపకు చర్మవ్యాధులు రాకుండా కాపాడే మొదటి కంచె ఆ జిగురే. అందువల్ల వెడల్పాటి ప్లాస్టిక్ గిన్నెను నీటిలో ముంచి, చేప దానంతట అదే అందులోకి వచ్చేదాకా ఆగి, నీటితో సహా ఎత్తాను. దీనికి పది నిమిషాలు పట్టింది. టబ్బులో పోసినది కూడా అక్వేరియం నీరే, ఎందుకంటే దెబ్బ తిన్న చేపకు నీటి మార్పు మరొక దెబ్బ అవుతుంది.

ఉప్పు ఎందుకు పనిచేస్తుందో తెలిసిన తరువాతే నాకు దాని మీద గురి కుదిరింది. మంచినీటి చేప రక్తంలోని లవణాలు చుట్టూ ఉన్న నీటిలో కంటే చాలా ఎక్కువ. అందుచేత నీరు ఎల్లప్పుడూ దాని ఒంట్లోకి చొరబడుతూనే ఉంటుంది, మూత్రపిండాలు దాన్ని తోడి బయట పోస్తూనే ఉంటాయి. పొలుసులు ఊడి చర్మం తెరుచుకున్న చోట ఈ చొరబాటు పెరుగుతుంది, లోపలి లవణాలు బయటికి పోతాయి. నీటిలో కాస్త ఉప్పు ఉంటే ఆ తేడా తగ్గి, తోడే శ్రమ కొంత తప్పుతుంది. లీటరుకు ఒక గ్రాము చొప్పున 20 గ్రాములు తూచి, వేరే చెంబులో పూర్తిగా కరిగించి, చేపకు దూరంగా మెల్లగా పోశాను. పన్నెండు గంటల తరువాత మరో 20 గ్రాములు, మరునాడు ఇంకో 20 గ్రాములు కలపడంతో లీటరుకు 3 గ్రాములయింది. పెద్ద అక్వేరియంలో ఈ పని చేయలేదు, అందులోని నీటి మొక్కలకు ఉప్పు పడకపోవచ్చు.

కష్టమంతా ఎండతో వచ్చింది. కడపలో మే నెల అంటే బయట 40 డిగ్రీలు దాటుతుంది, ఇంట్లో టబ్బు నీరు 32 డిగ్రీలకు చేరింది. గోల్డ్‌ఫిష్ చల్లటి నీటి చేప. పైగా 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల నీటిలో ఏడున్నరే కరుగుతుంది. ఎయిర్ పంపును ఇన్వర్టరుకు కలిపాను. టేబుల్ ఫ్యాను గాలి నీటి మీదుగా పోయేలా తిప్పి పెడితే రెండు, మూడు డిగ్రీలు దిగింది. మట్టి కుండలో నీరు చల్లబడే తీరే ఇది, మన పొడి గాలి ఇక్కడ మేలే చేస్తుంది. అయితే ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు కాబట్టి, తగ్గిన మేరకు ఉప్పు లేని నీటినే నింపాలి. మొదటి రోజు ఇది తోచక ఉప్పునీరు పోయబోయి ఆగాను.

చేప మొప్పల ద్వారా వదిలే అమ్మోనియాను అక్వేరియంలోనైతే ఫిల్టరులో పెరిగిన బ్యాక్టీరియా హాని తక్కువ పదార్థంగా మార్చేస్తుంది. కొత్త టబ్బులో ఆ బ్యాక్టీరియా ఉండదు. నీరు ఎంత వేడిగా, ఎంత క్షారంగా ఉంటే అమ్మోనియా అంత విషం, మా బోరు నీటికి ఆ రెండు గుణాలూ ఉన్నాయి. అందుకని ప్రతి రోజూ సగం, అంటే 10 లీటర్లు తీసి, 30 గ్రాముల ఉప్పు కలిపిన 10 లీటర్లు పోసేవాణ్ణి. మిద్దె మీది ట్యాంకులో నీరు మధ్యాహ్నానికి కాగిపోతుంది కనుక తెల్లవారుజామునే పట్టి, గాలి ఆడించి ఉంచాను. కుళాయి నీరు వాడేవారు క్లోరిన్ పోవడానికి యాంటీ క్లోరిన్ తప్పక కలపాలి. మేత కూడా బాగా తగ్గించి, రోజు విడిచి రోజు పై పొట్టు తీసిన ఉడికించిన పచ్చిబఠాణీ ఒకటి మాత్రమే పెట్టాను.

నాలుగో రోజు గాయం మీద తెల్లగా కనిపించేసరికి గుండె జారింది. అక్వేరియం సామాన్ల దుకాణంలో అడిగితే టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ విప్పి నీటిలో వేయమన్నారు. నేను వేయలేదు. సున్నం ఎక్కువగా ఉండే గట్టి నీటిలోని కాల్షియం ఆ మందును పట్టుకుని నిర్వీర్యం చేస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఏ బ్యాక్టీరియా ఉందో తెలియకుండా యాంటీబయాటిక్ పోయడం నాకు సరి అనిపించలేదు. టార్చిలైటు వేసి నిదానంగా చూస్తే, గాయం మీద ఉన్నది నునుపైన పలుచటి పొర, అది పెరుగుతున్న కొత్త చర్మం. తోక చీలిక దగ్గర మాత్రం దూది పీచులాంటిది నీటికి ఊగుతోంది, అది బూజు. ఆ ఒక్క కారణంతో టబ్బులో సీసా మీద రాసిన మోతాదు ప్రకారం బూజుకు వాడే నీలం మందు మిథిలీన్ బ్లూ మూడు రోజులు వాడాను. ఫిల్టరులోని మంచి బ్యాక్టీరియాను కూడా చంపుతుంది, అద్దాల మధ్య సిలికాన్‌కు నీలం పట్టిస్తుంది కనుక దాన్ని పెద్ద తొట్టెలో పోయకూడదు. “బట్టల నీలిమందు చేపకెందుకురా?” అని అమ్మ కంగారు పడింది. అది వేరు, ఇది వేరు అని సీసా చూపించాక గాని ఊరుకోలేదు.

తొమ్మిదో రోజుకు బూజు పోయింది, కుంకుమ వెన్ను రెక్క నిటారుగా లేచింది. తరువాతి వారమంతా మార్చే నీటిలో ఉప్పు కలపకుండా ఉప్పును క్రమంగా తగ్గించి, ఇరవై నాలుగో రోజున తిరిగి అక్వేరియంలో వదిలాను. అంతకు ముందు లోపలి ప్రతి రాయి మీదా పాత నైలాన్ చీర ముక్కను లాగి చూశాను. పోగు తగులుకున్న చోట రెక్క కూడా చీలుతుంది కనుక, అలాంటి రాళ్ళన్నింటినీ తీసేశాను. నాపరాయి ముక్కలు ఇప్పుడు పెరట్లో తులసి కుండీ కింద ఉన్నాయి.

ఊడిన ఏడింటిలో అయిదు పొలుసులు తిరిగి వచ్చాయి. కొత్తవి కొంచెం వెలిసినట్టుగా ఉండి, లైటు పడినప్పుడు పాతవాటిలా మెరవవు. మా అమ్మాయి మాత్రం చుట్టాలు వచ్చినప్పుడు ఆ మచ్చ చూపించే కుంకుమను పరిచయం చేస్తుంది.