పిట్స్‌బర్గ్‌లో మావో, జాకీ

పిట్స్‌బర్గ్ అనగానే అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది పెన్ హిల్స్‌లో కొండ మీదున్న వెంకటేశ్వరస్వామి గుడి. 1976లో ప్రతిష్ఠ జరిగిన గుడి అది. న్యూజెర్సీలో ఉండే మా చెల్లెలి కుటుంబంతో కారులో వెళ్ళి దర్శనం చేసుకున్నాం. వాళ్ళంతా హోటల్‌కి వెళ్ళిపోతే, నేనూ చెల్లెలి కూతురూ మాత్రం ఊళ్ళోకి బయల్దేరాం. పేరున్నవాళ్ళ ఫొటోల్ని స్క్రీన్ ప్రింటింగ్‌తో బొమ్మలు చేసిన అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ మ్యూజియం చూడాలని నాకు ఎప్పటి నుంచో కోరిక.

హైవే మీద వెళ్తుంటే పల్లంలో బంగారు గుమ్మటాల చర్చి కనిపిస్తుంది. సెయింట్ జాన్ క్రిసోస్టమ్ చర్చి. ఇప్పటి స్లొవేకియాలోని ఒక పల్లె నుంచి వలస వచ్చిన కుటుంబం వార్హోల్‌ది. చిన్నప్పుడు తల్లి జూలియా వెంట వచ్చి, ఈ చర్చిలో వరసగా పెట్టిన పునీతుల పటాల ముందు గంటల తరబడి కూర్చునేవాడు. ఆయన తర్వాత వేసిన ముఖాలన్నిటికీ మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. నేరుగా మనవైపు చూసే ముఖం, చదునైన రంగు, పక్కన అలాంటిదే ఇంకొకటి.

మ్యూజియం ఏడంతస్తులు. 1994లో తెరిచారు. లిఫ్ట్‌లో పైకెళ్ళి ఒక్కో అంతస్తూ దిగుతూ చూడాలి.

అరవైల నాటి బొమ్మల్లో నన్ను కదలనివ్వనివి అమెరికా అధ్యక్షుడు కెనెడీ భార్య జాకీవి. 1963 నవంబర్ 22న కెనెడీని కాల్చి చంపాక పత్రికల నిండా ఆమె ఫొటోలే. వాటినే తీసుకుని 1964లో వీటిని చేశాడు. దగ్గరికి వెళ్ళి చూశాను. నీలం రంగు మీద నల్ల ఇంకు, చెంప దగ్గర కాస్త అలుక్కుపోయి ఉంది. ఒకదాంట్లో టోపీ పెట్టుకుని నవ్వుతోంది, ఇంకోదాంట్లో తల వాలిపోయింది. ఆ రెంటికీ మధ్య గడిచింది కొన్ని గంటలే. హత్య కంటే, టీవీ, రేడియో కలిసి దేశం మొత్తాన్నీ ఒకేలా దుఃఖపడేలా చేసిన తీరే తనని ఎక్కువ కలవరపెట్టిందని వార్హోల్ తర్వాత చెప్పుకున్నాడు.

కింది అంతస్తులో మావో. బుగ్గల మీద గులాబీ రంగు, కళ్ళపైన నీలం, గడ్డం మీద ఆ పుట్టుమచ్చ.

"పెద్దమ్మా, ఈయన మావోని మెచ్చుకుంటున్నాడా, వెక్కిరిస్తున్నాడా?" అంది మా అమ్మాయి.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. శ్రీకాకుళం పోరాటం నాటి నుంచీ మన నేల మీద ఆ పేరు కోసం ప్రాణాలిచ్చినవాళ్ళున్నారు, ఆ పేరు చెప్పుకుని చంపినవాళ్ళూ ఉన్నారు. అలాంటి ముఖాన్ని ఇలా రంగులద్ది గోడకి పెడితే మనసు ఒకంతట ఒప్పుకోదు.

1972 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్ళాడు. అప్పుడు పత్రికల్లో ఎక్కడ చూసినా మావోయే. ఇరవయ్యో శతాబ్దంలో అతి ముఖ్యుడైన మనిషిని వెయ్యమని ఒక స్విస్ గ్యాలరీ యజమాని సలహా ఇస్తూ ఐన్‌స్టీన్ పేరు చెప్పాడట. వార్హోల్ మాత్రం ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మందికి తెలిసిన ముఖం కావాలనుకున్నాడు. మావో సూక్తుల ఎర్ర పుస్తకంలో ముందు పేజీ ఫొటోనే తీసుకున్నాడు. అంటే ఆ ముఖాన్ని లెక్కలేనన్ని కాపీలు చేసింది ముందు చైనా ప్రభుత్వమే. అక్కడ ఏ కాపీలోనూ వెంట్రుకవాసి తేడా రాకూడదు. ఇక్కడ ఒక్కో కాన్వాస్ మీదా కుంచె ఇష్టమొచ్చినట్టు తిరిగింది. అసలు ధిక్కారం అదే అనిపించింది నాకు. 2013లో ఈ మ్యూజియం వాళ్ళే షాంఘై, బీజింగ్‌లలో ప్రదర్శన పెట్టినప్పుడు మావో బొమ్మల్ని మాత్రం అక్కడ రానివ్వలేదు. నలభయ్యేళ్ళయినా ఆ బొమ్మలకి పదును తగ్గలేదన్నమాట.

అదే 1972లో వేసిన నిక్సన్ బొమ్మలో ఏ అనుమానానికీ చోటు లేదు. ఆకుపచ్చ ముఖం, పసుపు పెదాలు, కింద 'మెక్‌గవర్న్‌కి ఓటెయ్యండి' అని చేతిరాత. ఆ ఏడు ఎన్నికల్లో నిక్సన్ మీద పోటీ చేసిన మెక్‌గవర్న్ ప్రచార నిధి కోసం చేసిన ప్రింటు. నిక్సన్ 49 రాష్ట్రాల్లో గెలిచాడు. నాకైతే ఇది కళ కంటే కోపంగానే నచ్చింది.

బేస్‌మెంట్‌లో స్క్రీన్ ప్రింటింగ్ మనమే చేసి చూడొచ్చు. మన ఊళ్ళలో శుభలేఖలు వేసే పద్ధతే. ఫ్రేముకి బిగించిన సన్నటి గుడ్డ, దానిమీద ఇంకు, రబ్బరు పట్టీతో ఒక్క లాగుడు. మా అమ్మాయి లాగిన మొదటి ప్రింటు చిక్కగా పడింది. రెండోదాంట్లో సగం ముఖం రాలేదు. మూడోది అలుక్కుపోయింది. స్క్రీన్ అదే, చెయ్యీ అదే. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుని, "జాకీ దగ్గరికి మళ్ళీ వెళ్దాం పెద్దమ్మా, మూసేలోపు టైముంది" అంది. ఇంకు చేతులు కడుక్కుని లిఫ్ట్ వైపు నడిచాం.