3బీ వేశాను, నెల తప్పింది

నెలసరి తేదీలు రాసిపెట్టుకునే అలవాటు నాకు లేదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక బేరింగుల షాపులో అకౌంట్లు చూస్తాను. ప్రతి నెలా జీఎస్టీ రిటర్నులు వేయడానికి రెండు గడువులు: 11వ తేదీన జీఎస్టీఆర్-1, 20న 3బీ. ఆ మొదటి గడువుకి అటూ ఇటూగా నా నెలసరి కూడా వచ్చి పోతుంది. 2025 ఫిబ్రవరి 20న సాయంత్రం 3బీ వేసి, చలానా ప్రింటు తీసి ఫైల్లో పెడుతుంటే తట్టింది, ఈ నెల నాది రాలేదని.

టెన్షన్ పడలేదు. నాకు కాపర్ టీ ఉంది కదా. పాప పుట్టాక 2020 ఫిబ్రవరిలో వేయించుకున్నాను. అప్పుడిచ్చిన కార్డు ఆధార్ జిరాక్సులు పెట్టుకునే కవర్లోనే ఉంది: తీయించాల్సింది 2030లో. అయినా నేరేడ్‌మెట్‌లో బస్సు దిగాక మెడికల్ షాపులో ప్రెగ్నెన్సీ కిట్ కొన్నాను. రెండో గీత వచ్చింది. పల్చగా, తడి చేత్తో ముట్టుకుంటే చెరిగిపోయేలా. ట్యూబులైటు కింద, కిటికీ దగ్గర, ఫోన్ టార్చ్‌తో చూశాను. ఎక్కడ చూసినా ఉంది.

మా ఆయన ఏసీ మెకానిక్. ఆ రాత్రి లేటుగా వచ్చాడు. కిట్ చూపిస్తే, "గట్లెట్ల అయితది? లూపు ఉంది గదా?" అన్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను మరి. కాసేపయ్యాక, "ఏం చేద్దామంటవ్? నీ ఇష్టం," అన్నాడు.

ఈ నీ ఇష్టం అనే మాట మీద నాకు చాలా కోపం. వినడానికి మర్యాదగానే ఉంటుంది. కానీ బరువున్న సంచి మన చేతికిచ్చి తను చేతులు దులుపుకున్నట్టు ఉంటుంది. "ఇష్టం నాదే, కానీ డాక్టర్ దగ్గరికి ఇద్దరం పోదాం," అన్నాను.

నిజానికి ఆ రాత్రి నేనొక లెక్క చేశాను, ఆయనకు చెప్పలేదు. చివరిసారి నెలసరి వచ్చింది భోగి రోజు, జనవరి 13. మూడు నెలలు వెనక్కి, ఏడు రోజులు ముందుకు: కాన్పు తేదీ అక్టోబర్ 20. క్యాలెండర్ తిప్పితే సరిగ్గా దీపావళి. వెంటనే క్యాలెండర్ మూసేశాను.

బాబుకి పదకొండేళ్ళు, పాపకి అయిదు. పాప జూన్‌లో ఒకటో తరగతికి వెళ్తుంది. నాలుగేళ్ళు ఇంట్లో ఉండి మళ్ళీ ఉద్యోగంలో చేరి ఏడాదే అయింది. మా షాపులో సేఠ్ కాకుండా ఆరుగురం. ప్రసూతి సెలవుల చట్టం పదిమంది పనిచేసే చోటికే వర్తిస్తుంది. ఉన్నా మూడో కాన్పుకి 26 వారాలు కాదు, 12 వారాలే. మా సేఠ్ మంచివాడే, కానీ ఆర్నెల్లు కుర్చీ ఖాళీగా ఉంచేంత మంచివాడు కాదు. ఇదంతా నేనెవరికీ సంజాయిషీగా చెప్పట్లేదు. వద్దనుకున్నాను. అంతే.

మొదట ఇంటి దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్ళాం. రిజిస్టర్ రాసే ఆవిడ, "కాపర్ టీ సరిగ్గా వాడలేదా?" అంది. లోపల పెట్టేసిన దాన్ని నేనేం వాడతాను, టూత్ బ్రష్షా? డాక్టరమ్మ పరీక్ష కూడా చేయకుండానే, "మూడోది ఉంచుకోండి, దేవుడిచ్చింది. వద్దంటే భర్త సంతకం, అత్తగారు ఉంటే ఆమెను కూడా తీసుకురండి," అంది. అత్తగారెందుకో ఇప్పటికీ నాకర్థం కాలేదు.

షాపులో నా పక్క సీటు అక్కకి చెబితే, "మెడికల్ షాపులో అడిగితే గోలీలు ఇస్తరు, నేను రెండుసార్లు వేసుకున్న," అంది. వేసేసుకునేదాన్నే. రెండో డాక్టర్ దొరకడం నా అదృష్టం. ఆమె చెప్పిన మొదటి మాట, "ఉంచుకోవాలా వద్దా తర్వాత. ముందు అది ఎక్కడ ఉందో చూద్దాం." కాపర్ టీ ఉండగా గర్భం రావడం అరుదు, ఏడాదిలో వందమందిలో ఒక్కరికి కూడా రాదు. కానీ వస్తే అది గర్భసంచిలో కాకుండా ట్యూబులో ఉండే అవకాశం మామూలు కంటే ఎక్కువట. ట్యూబులో ఉంటే ఈ మాత్రలు పనిచేయవు. రక్తం పోతుంటే పని అయిపోయిందనుకుని ఇంట్లో కూర్చుంటాం, లోపల ట్యూబు పగిలితే ప్రాణాల మీదికి వస్తుంది. స్కాన్ లేకుండా గోలీలు మింగొద్దని ఆ అక్కకి కూడా చెప్పాను. వింటుందో లేదో.

స్కానింగ్ గది బయట లింగనిర్ధారణ చేయబడదనే బోర్డు, దాని కింద ప్లాస్టిక్ కుర్చీలు. ఫారంలో మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు, వయసులెంత అని రాయించుకున్నారు. పక్క కుర్చీలో ఒక అమ్మాయి, ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి, బ్యాగుకి ఆఫీస్ ఐడీ ట్యాగు వేలాడుతోంది. మెల్లగా, "అక్కా, పెళ్ళి కాలేదంటే చేయరా?" అని అడిగింది. అప్పుడు నాకు తెలియదు, లోపల డాక్టర్నే అడగమన్నాను. తర్వాత చదివి తెలుసుకున్నాను. 1971 నాటి అబార్షన్ చట్టంలో గర్భనిరోధక సాధనం విఫలమైతే అన్న చోట పెళ్ళయిన స్త్రీ, ఆమె భర్త అని ఉండేది. 2021 సవరణలో దాన్ని స్త్రీ, ఆమె భాగస్వామి అని మార్చారు. 20 వారాల లోపైతే ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య కొందరికే, ఇద్దరు డాక్టర్లు చూడాలి. అందులో పెళ్ళికానివాళ్ళు కూడా వస్తారని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషైతే ఆమె సంతకం ఒక్కటే కావాలి. భర్తదీ అక్కర్లేదు, అత్తదీ అక్కర్లేదు.

నాది గర్భసంచిలోనే ఉంది. కాపర్ టీ మాత్రం కిందికి జారి అడ్డంగా నిలబడి ఉంది. దారం అందుతోంది కాబట్టి డాక్టర్ అక్కడే తీసేసింది. తెల్లటి చిన్న ముక్క, కాండం చుట్టూ నల్లబడిన రాగి తీగ. అయిదేళ్ళు కాపలా కాసింది ఇదా అనిపించింది. వేసినప్పుడు నర్సు నెలకోసారి దారం తగులుతుందో లేదో చూసుకోమంది. కరోనా రోజుల్లో చేతులు కడుక్కోవడమే సరిపోయింది, దారం ఎవరు చూశారు!

తొమ్మిది వారాల లోపే కాబట్టి మాత్రలు సరిపోతాయంది. మంగళవారం పొద్దున పదిన్నరకి క్లినిక్‌లోనే ఒక మాత్ర. మిగతా నాలుగు 36 నుంచి 48 గంటల మధ్య. లెక్క వేస్తే బుధవారం రాత్రి పదిన్నర. ఆ రోజు శివరాత్రి.

అత్తమ్మ జాగారానికి బాబుని తీసుకుని కీసరగుట్టకి వెళ్ళింది. పాప పడుకుంది. టీవీలో భజనలు, పక్క గల్లీ గుళ్ళో మైకు. నాలుగు మాత్రలు చెంపల్లో పెట్టుకుని, అరగంట మాట్లాడకుండా కూర్చున్నాను. గంటన్నరకి చలి మొదలైంది, పళ్ళు టకటకలాడేంత. తర్వాత నొప్పి. వరసగా రెండు గంటలు, గంటకి రెండు ప్యాడ్ల చొప్పున తడిస్తే వెంటనే ఫోన్ చేయమని డాక్టర్ చెప్పింది. మా ఆయన దాన్ని కాగితం మీద రాసుకుని, టైము పక్కన గీతలు గీస్తూ కూర్చున్నాడు. గీతలు అంతదాకా వెళ్ళలేదు. తెల్లారేసరికి తగ్గింది. ఏడుపు వస్తుందనుకున్నాను. ఆకలేసింది. ఉప్మా చేసుకుని ఇద్దరం తిన్నాం.

అత్తమ్మ ప్రసాదం తెచ్చింది. "బయటున్న అత్తమ్మా," అన్నాను. అబద్ధమేం కాదు. నా వాటా ఫ్రిజ్ మీద పెట్టింది.

రెండు వారాల తర్వాత స్కాన్‌లో అంతా బాగానే ఉంది. మళ్ళీ కాపర్ టీ వేయమంటారా అని డాక్టర్ అడిగితే, నాకంటే ముందు మా ఆయన, "మగవాళ్ళకు చేసేది కష్టమా మేడం?" అన్నాడు. ఎండాకాలం ఏసీల సీజను వదులుకోలేం కాబట్టి జూలైదాకా ఆగాం. ఇరవై నిమిషాలు పట్టలేదు, కుట్లు కూడా లేవు. వారం దాకా బరువులెత్తొద్దన్నారు. విషయం తెలిసి అత్తమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "ఇంట్ల ఆడోళ్ళుండంగ మొగోనికెందుకు కోత?" అంది. ఇరవై మూడేళ్ళకే క్యాంపులో కడుపు కోయించుకున్న మనిషి ఆమె. నేనేం అనలేదు.

కోసిన వెంటనే భరోసా లేదు, మూడు నెలలు ఆగి వీర్యపరీక్ష చేయించాలి. అక్టోబర్ మొదట్లో డబ్బా చొక్కా లోపల పెట్టుకుని, చల్లబడకూడదని, గంట లోపు అందించాలని బండి మీద ల్యాబ్‌కి ఉరికాడు. సాయంత్రం రిపోర్టు వాట్సాప్ చేశాడు. కౌంట్: నిల్. "నిల్ రిటర్న్ యాక్సెప్టెడ్," అని జవాబిచ్చాను. ఆయనకి అర్థం కాలేదు, బొటనవేలు పంపాడు.

దీపావళి 20నే వచ్చింది. పండగని 3బీ గడువు 25 దాకా పొడిగించారు, షాపుకి వెళ్ళే పని లేదు. ఆ తేదీ ఆయనకి చెప్పలేదు, ఇప్పుడు ఇది చదివితే తెలుస్తుంది. పాప చిచ్చుబుడ్డి దగ్గరికి వెళ్ళడానికి భయపడి నా చున్నీ పట్టుకుంది. ఇద్దరం కలిసి వెలిగించాం.