విండోస్, మ్యాక్, లినక్స్ మధ్య తిరిగే మా 2 టీబీ డ్రైవ్: ఇప్పటిదాకా జరిగింది

ముందు సెటప్ చెప్తాను. వైజాగ్‌లో ఆటు టైంలో తెన్నేటి పార్క్ కింద రాళ్ళ దగ్గరా, రుషికొండ వైపూ నీళ్ళు నిలిచిపోయే గుంటల్లో పీతలు, నత్తలు, సీ అనెమనీలు కనిపిస్తాయి కదా, వాటిని ఫోటోలు వీడియోలు తియ్యడం మా ఇంట్లో ముగ్గురికి పిచ్చి. నేను ఎంవీపీ కాలనీలో లినక్స్ మింట్ ల్యాప్‌టాప్ మీద సర్దుతాను, బావ సీతమ్మధారలో మ్యాక్‌బుక్ మీద వీడియోలు ఎడిట్ చేస్తాడు, మేనకోడలు విండోస్ ల్యాప్‌టాప్ మీద ఏది ఏ జాతో చూసి పేర్లు రాస్తుంది. ఫోర్‌కే వీడియో కదా, క్లౌడ్‌కి ఎక్కించాలంటే తెల్లారిపోద్ది, అందుకే ఒక పోర్టబుల్ హార్డ్ డ్రైవ్ ముగ్గురి మధ్యా తిరుగుతూ ఉంటుంది.

డ్రైవ్ కొన్నప్పుడు ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో, అంటే విండోస్ సొంత ఫార్మాట్‌లో ఉంది, అలాగే వాడేశాం. ఫస్ట్ ఫోన్ బావ దగ్గర్నుంచి: "ఏరా, ఫైళ్ళన్నీ కనిపిస్తున్నాయి గానీ ఒక్కటీ పేస్ట్ అవ్వట్లేదు, లాక్ అయిపోయిందా ఏటి?" లాక్ ఏమీ కాదు, మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని చదువుతుంది, మామూలుగా అయితే దాని మీద రాయదు అంతే. రాయించే డ్రైవర్లు డబ్బులకి దొరుకుతాయి కానీ మా సామాన్లన్నీ ఒకరి డ్రైవర్ మీద ఆధారపడటం నాకు ఇష్టం లేదు.

నా దగ్గర ఇంకో రకం. మింట్‌లో పెడితే ఒక్కోసారి రీడ్ ఓన్లీగా, అంటే చదవడానికి మాత్రమే మౌంట్ అయ్యేది (తెరుచుకునేది), ఒక్కోసారి అసలు మౌంటే అయ్యేది కాదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా కెర్నెల్, అంటే సిస్టమ్ అసలు భాగం, హైబర్నేట్ అవుతుంది (ఉన్న స్థితిని డిస్క్‌లో దాచుకుని నిద్రపోతుంది) తప్ప పూర్తిగా ఆగదు, అప్పటికి డ్రైవ్ తగిలించే ఉంటే అది "ఇంకా వాడకంలో ఉంది" అన్న గుర్తుతోనే బయటికొస్తుంది, లినక్స్ ఆ గుర్తు చూసి రాయడానికి ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే మంచిది కూడా. మేనకోడలు ల్యాప్‌టాప్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేశాం, డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్ (chkdsk /f) కమాండ్ రన్ చేశాం, సరిపోయింది. తియ్యడం కుదరని సిస్టమ్ అయితే షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ కొట్టి, స్క్రీన్ నల్లబడినప్పుడు డ్రైవ్ పీకినా చాలు, రీస్టార్ట్‌లో హైబర్నేట్ ఉండదు. లినక్స్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫిక్స్ అని ఒకటుంది, అది ఆ గుర్తు చెరిపి చిన్నచిన్నవి సరిచేస్తుంది గానీ చెక్‌డిస్క్ చేసే పని మొత్తం చెయ్యదు, అది రన్ చేశాం కదా అని ధీమాగా ఉండకండి.

తర్వాత వారం అసలైన భయం. పెద్ద వీడియో కాపీ అవుతుండగా మధ్యలో డ్రైవ్ మాయమై మళ్ళీ వస్తోంది. ఇలాంటప్పుడు అందరూ ముందు ఫార్మాట్ మీద పడతారు, నేనైతే కేబుల్ నుంచి మొదలెట్టమంటాను. టెర్మినల్‌లో డీమెసేజ్ (dmesg, కెర్నెల్ మెసేజ్‌లు చూపించే కమాండ్) ఓపెన్ చేసి పెట్టి కేబుల్‌ని కనెక్టర్ దగ్గర వేలితో కొంచెం కదిపాను, కదిపిన ప్రతిసారీ యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ లైను పడుతోంది. టార్చ్ వేసి చూస్తే ఆ వెడల్పు మైక్రో బీ పిన్నుల మీద సన్నగా పచ్చటి చిలుము! బీచ్‌కి దగ్గర ఇల్లు, గ్రిల్స్‌కే తుప్పు ఆగదు, ఇదెంత. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో డ్రైవ్ వైపు పోర్ట్ మెత్తగా తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, కేబుల్ మాత్రం కొత్తది, పొట్టిది కొన్నాను. పవర్ సంగతి కూడా చూసుకోవాలి, యూఎస్‌బీ 2 పోర్ట్ 500 మిల్లీ ఆంప్స్ ఇస్తుంది, యూఎస్‌బీ 3 అయితే 900, కాబట్టి పవర్ లేని హబ్‌కి తగిలించి టిక్ టిక్ మంటోందని డ్రైవ్ పారెయ్యకండి. డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తనే ఇచ్చే స్మార్ట్ రిపోర్ట్‌లో రీఅలొకేటెడ్ (పాడైతే మార్చినవి), పెండింగ్ (పాడయ్యాయని అనుమానమున్నవి) సెక్టార్లు రెండూ సున్నా వచ్చాకే నాకు అన్నం సహించింది.

ఇక ఫార్మాట్. ఫ్యాట్ 32 ఎక్కడైనా నడుస్తుంది గానీ 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, మా వీడియోలకి పనికిరాదు. మిగిలింది ఎక్స్‌ఫ్యాట్. 2006లో వచ్చింది, మ్యాక్‌లో స్నో లెపర్డ్ రోజుల నుంచీ ఉంది, 2019లో మైక్రోసాఫ్ట్ స్పెసిఫికేషన్ బయటపెట్టాక 2020లో లినక్స్ 5.7 కెర్నెల్‌కి మంచి డ్రైవర్ వచ్చింది, ఇప్పుడు మింట్‌లో విడిగా ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. డేటా మొత్తం వేరే డిస్క్‌లోకి తీసి, జీపీటీ పార్టిషన్ పట్టిక పెట్టి, విండోస్‌లోనే ఫార్మాట్ చేశాం.

ఎక్స్‌ఫ్యాట్‌కి జర్నల్ (చేసే మార్పుల్ని ముందే రాసుకునే చిట్టా) లేదు, ఇది మాత్రం ముగ్గురం బుర్రలో పెట్టుకున్నాం. రాస్తుండగా కేబుల్ ఊడితే ఎన్‌టీఎఫ్‌ఎస్ లాగా తనంతట తను సర్దుకోదు. మొన్న సీతమ్మధారలో ఎజెక్ట్ అవ్వకముందే కేబుల్ ఊడింది, మళ్ళీ పెడితే ఫైండర్‌లో డ్రైవ్ కనబడదు, బావకి కంగారు. యాక్టివిటీ మానిటర్ తెరిచి ఎఫ్‌ఎస్‌సీకే (fsck, డిస్క్ చెక్ చేసే ప్రోగ్రామ్) అని వెతకమన్నాను, ఉంది, మ్యాక్ వెనకాల చెక్ చేసుకుంటోంది, కాసేపటికి డ్రైవ్ దానంతటదే వచ్చేసింది. ఆ టైంలో మళ్ళీ పీకితేనే డేంజర్.

చిన్న తలనొప్పి ఇంకోటుంది, ఫైల్ పక్కనే ._ తో మొదలయ్యే జంట ఫైళ్ళు. మ్యాక్ తన అదనపు సమాచారం పెట్టుకోడానికి ఎక్స్‌ఫ్యాట్‌లో చోటు లేక అలా విడిగా రాస్తుంది. ఒక్కోటి 4 కేబీనే, కానీ ఇంత డ్రైవ్‌కి విండోస్ పెట్టే క్లస్టర్ (ఫైల్‌కి ఇచ్చే కనీస చోటు) 128 కేబీ, అంటే ప్రతి జంట ఫైలూ 128 కేబీ తినేస్తుంది, వేల ఫోటోలంటే లెక్కేసుకోండి. బావ ఇప్పుడు ఎజెక్ట్‌కి ముందు డాట్ అండర్‌స్కోర్ క్లీన్ (dot_clean) కమాండ్ కొడుతున్నాడు.

పేర్ల గొడవ కూడా చెప్పాలి. 6:30 అని టైం ఉన్న ఫైల్ లినక్స్‌లో బాగానే ఉంటుంది, ఎక్స్‌ఫ్యాట్ మీదకి మాత్రం పోదు, కోలన్, ప్రశ్న గుర్తు, స్టార్ లాంటివి అక్కడ కుదరవు, ఇప్పుడు 0630 అని రాస్తున్నాం. దీనికంటే విచిత్రమైంది, నా ల్యాప్‌టాప్‌లో "వైజాగ్ రాళ్ళు" అని రెండు ఫోల్డర్లు ఒకే చోట! అక్షరం తేడా లేదు. ఒకటి నేను టైప్ చేసింది, రెండోది బావ పాత ఐమ్యాక్ నుంచి వైఫై మీద ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో వచ్చింది. ఆ పాత మ్యాక్ డిస్క్ ఫార్మాట్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్, అది పేర్లని విడగొట్టి దాచుకుంటుంది, మన ఐత్వం యూనికోడ్‌లో (కంప్యూటర్ అక్షరాలకి నంబర్లిచ్చే పద్ధతిలో) ఒక్క గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం కింద ఐత్వపు తోకగా రెండు ముక్కల్లోనూ రాయొచ్చు, కంటికి ఒకటే, కంప్యూటర్‌కి వేరు. కాన్వ్‌ఎంవీ అనే టూల్‌తో ఎన్‌ఎఫ్‌సీకి, అంటే ఒక్క గుర్తుగా కలిపి రాసే పద్ధతికి మార్చాను, రెండూ కలిశాయి. తెలుగులో ఫోల్డర్ పేర్లు పెట్టుకునేవాళ్ళు ఇది తప్పకుండా చూసుకోండి, బ్యాకప్ డబుల్ అవుతోందంటే కారణం ఇదే అయ్యుండొచ్చు.

తిరిగే డ్రైవ్ మీద ఏదీ ఒంటరిగా ఉండకూడదని ఇంట్లో రెండో డ్రైవ్ పెట్టాను, లినక్స్ ఫార్మాట్ ఈఎక్స్‌టీ 4, అది గడప దాటదు. దాటదు అనుకున్నానా, మేనకోడలు ఇంటికొచ్చి తన ల్యాప్‌టాప్‌కి పెట్టి అరిచింది, "మామయ్యా, ఫార్మాట్ చెయ్యమంటోంది, ఎస్ కొట్టెయ్యనా?" కొట్టకమ్మా తల్లీ! ఆ పార్టిషన్ ఒకప్పుడు విండోస్‌లో చేసింది, లోపల ఈఎక్స్‌టీ 4 వేసినా పైన టైప్ మాత్రం పాతదే ఉండిపోతుంది, అందుకే విండోస్ తనదే అనుకుని అడుగుతుంది. పార్టిషన్లు మార్చే జీడిస్క్ టూల్‌లో టైప్‌ని 8300 అంటే లినక్స్‌గా మార్చాను, ఇప్పుడు విండోస్‌లో డ్రైవ్ లెటర్ కూడా రాదు. పైన ఎర్ర స్టిక్కర్ కూడా అతికించాం.

ఈ వారం నుంచి డ్రైవ్ ఇల్లు దాటే ముందు షా 256 చెక్‌సమ్‌ల (ఫైల్ మారిందో లేదో చెప్పే కోడ్‌ల) లిస్ట్ ఒకటి అందులోనే వేసి పంపుతున్నాను, అవతల బావ మ్యాక్‌లో సరిచూస్తాడు. మొదటి విడత మొత్తం మ్యాచ్ అయ్యింది. విండోస్‌లో అదే లిస్ట్‌ని పవర్‌షెల్ నుంచి చెక్ చేసే చిన్న స్క్రిప్ట్ మేనకోడలు రాస్తోంది, అది పనిచేశాక ఇక్కడే పెడతాను.